జవాబు కోసం ఆగే చోటు

నిరుడు పెళ్ళయి నలభై రోజులైనా కాకముందే సముద్రానికి వేసవి సెలవులిచ్చారు. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా బోట్లు వేటకు వెళ్ళకూడదట, చేపలు గుడ్లు పెట్టే కాలమట. కూర్మన్నపాలెంలో స్టీల్‌ప్లాంటు సైరన్ వింటూ పెరిగిన నాకు, సముద్రానికి కూడా సెలవులుంటాయని జాలరిపేట కోడలినయ్యాకే తెలిసింది. అయితే మా ఆయన దొరబాబుకీ సెలవులే అని ఎగిరి గంతేశాను. కాదు. ఆయనగారు ఫిషింగ్ హార్బర్లో బోటు ఇంజన్లు బాగుచేసే మెకానిక్. బోట్లన్నీ ఒడ్డుకు చేరే ఆ రెండు నెలలే అతనికి ఊపిరాడని పని.

తెల్లారకముందే వెళ్ళిపోయేవాడు. పొద్దుపోయేవేళకు ఒంటినిండా డీజిల్ వాసనతో, చేతిలో గోనెగుడ్డలో చుట్టిన ఐసుముక్కతో వచ్చేవాడు. పూలు తెచ్చే మొగుళ్ళు అందరికీ ఉంటారు, ఐసు తెచ్చే మొగుడు నాకొక్కదానికే దొరికాడు. ఆ ముక్కను కుండలో వేసి, ముంజెలు ఒలిచి అందులో పడేసి, ముగ్గురం గుమ్మంలో కూర్చుని చేతులు కొంకర్లు పోయేదాకా తినేవాళ్ళం. మూడో మనిషి మా అత్త చిట్టమ్మ.

అత్త గంప నెత్తిన పెట్టుకుని పెదవాల్తేరు వీధుల్లో “సేపలో...” అని ఒక్క కేక వేస్తే మూడో అంతస్తులో పడుకున్న కుక్క లేచి మొరిగేదట. ఆవిడకు తిట్టు లేనిదే మాట వచ్చేది కాదు. “నీ జిమ్మడ, ఇంకో ముద్ద తినవేటే?” అనేది నన్ను. మా పుట్టింట్లో ‘ఛీ’ అన్నా పెద్ద మాటే. మొదటి రెండు రోజులూ హడలిపోయాను. మూడో రోజుకల్లా, నన్ను తిట్టని పూట ఏదో వెలితిగా అనిపించడం మొదలైంది.

ఆ మూడో రోజు సాయంత్రమే మొదటిసారి ఆవిడ సముద్రాన్ని తిట్టడం విన్నాను. సముద్రాన్ని అనుకున్నాను గానీ, కాదు.

ఇంటి వెనక ఇసకలో, ఒడ్డుకు లాగిన తెప్పల మధ్య నిలబడి, నీళ్ళకేసి చూస్తూ గొంతెత్తింది.

“ఒరె ఎల్లాజీ! దొంగ సచ్చినోడా! ఇంటికి రావేటి? నీ జిమ్మడ, ఎంతసేపుంటావురా ఆ నీటిలో? నీ యమ్మ కడుపు మాడ, కూడు సల్లారిపోతంది. ఏటి, మాటాడవేటి?”

అని, ఆగింది. ఒక కెరటం వచ్చి వెనక్కి పోయేంతసేపు. పక్కన వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళ చేతులు కూడా ఆగాయి. తర్వాత ఎవరో ఎదురు చెప్పినట్టే, “ఆఁ, సెప్పొచ్చావులే!” అని ఇంకో విడత అందుకుంది. వలల మీద చేతులు మళ్ళీ కదిలాయి.

దొరబాబు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఎల్లాజీ అతని తమ్ముడు. మూడేళ్ళ కిందట కార్తీకంలో వేటకు వెళ్ళాడు. బోటు తిరిగొచ్చింది, అందులోవాళ్ళు ఐదుగురూ వచ్చారు, ఎల్లాజీ రాలేదు. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు.

“ఆడికి రోసం ఎక్కువ. అమ్మ ఒకటంటే ఆడు రెండనేవోడు. ఎక్కడున్నా ఎదురు సెప్పకుండా ఉండలేడు. అందుకే తిడతాది.”

“నీ యమ్మ, నీ యమ్మ అంటూ తిడితే అవన్నీ అత్తకే కదా తగిలేది!” అన్నాను నవ్వుతూ.

దొరబాబూ నవ్వబోయి ఆగాడు. “ఎల్లాజీ కూడా అదే అనేవోడు.”

ఆ రోజు నుంచి నాకూ ఆ వేళకు చేతిలో పని ఆగిపోయేది.

*

శనివారం రాత్రి ఎనిమిది కొట్టేసరికి మా సందంతా మా ఇంట్లోనే. ‘మా ఇంటి మైకు’ వచ్చే టైము. ఎవరో ఒక అత్తాకోడళ్ళ ఇంటికి కెమెరాలు వెళ్తాయి, వాళ్ళ మనసులో ఉన్నది వాళ్ళు కక్కేస్తారు. ‘దాపరికం లేదు, కత్తిరింపు లేదు’ అని యాంకరమ్మ చెయ్యి ఊపుతూ అంటుంది. కాలేజీ రోజుల నుంచీ నాకు ఆ షో అంటే పిచ్చి. సీరియల్లో రేపేం జరగబోతుందో రాసినవాడికి తెలుసు. ఇందులో ఎవరికీ తెలీదు. మామూలుగా ఏడుపొస్తే మనుషులు తలుపేసుకుంటారు, వీళ్ళు తలుపు బార్లా తీసి ఏడుస్తారు. అలా ఎలా ఏడవగలరని నోరు తెరుచుకుని చూసేదాన్ని.

అత్తది వేరే చూపు. ఆవిడ మనుషుల్ని చేపల్ని చూసినట్టే చూసేది, మొప్ప ఎత్తి.

“ఇది దొంగేడుపు,” అంది ఒకరోజు, తెరమీద ఒకమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తుంటే.

“ఊరుకో వదినా! అలగ కారిపోతన్నాయి కళ్ళనీళ్ళు,” అంది పక్కింటి నూకాలు.

“కళ్ళనీళ్ళు ఉల్లిపాయి సూపించినా వత్తాయే బుర్రలేనిదానా. ముక్కు సూడు. ఎర్రబడిందేటి? ముక్కు ఎర్రబడాలంటే లోపల్నించి రావాల.” అని తెరకేసి చెయ్యి విసిరింది. “ఓలమ్మా, లేసి ఇంటికెల్లవే! నీ జిమ్మడ, మీ అత్త నయం నీకన్నా!”

ఇల్లంతా ఘొల్లుమంది. నేను అప్పటికే ఫోన్లో వీడియో తీసేస్తున్నాను. కింద స్క్రోలింగులో వస్తున్న నంబరుకు దాన్ని పంపేశాను కూడా. ఎందుకు పంపావంటే ఏం చెప్పను? ముద్దొచ్చింది. ఆ రోజుల్లో నాకు ప్రతిదీ ముద్దొచ్చేది.

వారం తిరిగేసరికి హైదరాబాదు నుంచి ఫోన్. మాట్లాడినాయన పేరు మోహనకృష్ణ, ఆ షోకు కో-ఆర్డినేటరట. “మీ అత్తగారు బంగారమండీ మేడమ్,” అన్నాడు.

అత్త మాత్రం తేల్చి పారేసింది. “నా మొకం టీవీలోనేటి? టీవీ పగిలిపోద్ది. పోవే.”

నేను బతిమాలాను, అలిగాను, ముంజెలు తిననన్నాను. ఏదీ పనిచెయ్యలేదు. రెండో రోజు ఉప్పుచేపలు ఎండలో తిరగేస్తూ ఆవిడే అడిగింది.

“జోతీ, ఆ బొమ్మ ఎందాకా వత్తాదే? ఇశాపట్నందాకేనా?”

“ఎక్కడికైనా వస్తుంది అత్తా. ఫోన్లో ప్రపంచంలో ఎక్కడున్నా చూడొచ్చు.”

“పారాదీపులోన?”

“వస్తుంది.”

“బంగ్లాదేశం? మనోల్ల బోట్లు అటెల్తే జైల్లో ఎడతారు, ఆ జైలు కాడ?”

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

“వస్తుంది అత్తా,” అన్నాను.

ఆవిడ చేపల్ని తిరగెయ్యడం ఆపలేదు. “అయితే రమ్మను. ఈ ఒడ్డుమీద నానెంత అరిసినా ఎందాకా ఇనబడతాది. అందులో పేరెట్టి తిడితే ఎక్కడున్నా ఇంటాడు దొంగ సచ్చినోడు. రోసమొచ్చి ఫోనైనా సేత్తాడు.”

*

మే రెండో వారంలో వచ్చారు, రెండు వ్యాన్లలో. అత్త నా పెళ్ళికి కట్టుకున్న ఆకుపచ్చ పట్టుచీర తీసింది. అదే రంగు చీర నేనూ కట్టాను. మోహనకృష్ణ మంచిగా మాట్లాడే మనిషి. అత్తను ‘అమ్మా’ అనేవాడు, పెట్టిన రొయ్యల వేపుడు రెండుసార్లు అడిగి వడ్డించుకున్నాడు.

మొదట కాగితాలిచ్చాడు, ఎనిమిది పేజీలు, ఇంగ్లీషులో. “ఫార్మాలిటీ మేడమ్.” నేను బీకాం. కూర్చుంటే చదవగలను. కానీ అప్పుడే మేకప్ అమ్మాయి నా జడలో మల్లెలు సర్దుతోంది, అద్దంలో నేను నాకే కొత్తగా ఉన్నాను. తల కదపకుండా ప్రతి పేజీలోనూ సంతకం పెట్టాను. అత్త చేత కూడా నేనే పెట్టించాను, వేలు ఆనించి చోటు చూపిస్తూ.

పగలంతా నవ్వులే. అత్త నన్ను తిడుతూ కూర నేర్పడం తీశారు. సాయంత్రం తెప్పల దగ్గరికి వెళ్ళాం. కెమెరా ఎక్కడుందో చూసుకుని, చెంగు నడుముకు దోపి, ఎప్పటిలా గొంతెత్తింది. ఎప్పటిలా కాదు. ఆ రోజు ఎల్లాజీ పేరు ఏడెనిమిదిసార్లు అంది, ప్రతిసారీ స్పష్టంగా, అడ్రసు చెబుతున్నట్టు.

“ఒరె ఎల్లాజీ! జాలరిపేట చిట్టమ్మ కొడకా! ఇంటన్నావేటి? నీ యమ్మ కడుపు మాడ, ఎక్కడున్నావురా? ఏటి, మాటాడవేటి?”

ఆగింది. వలల మీద చేతులు ఆగాయి. కెమెరా పట్టుకున్నాయన బుగ్గమీద తడి చూశాను.

అంతా అయ్యాక మోహనకృష్ణ నా దగ్గరికొచ్చాడు. “మేడమ్, మీరొక్కసారి ఆ గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకోండి.”

“ఎందుకండీ?”

“షాటుకూ షాటుకూ మధ్య అతుకులకు పనికొస్తుందండీ. ప్రతి షోలో తీస్తాం.”

ఇదన్నమాట వాళ్ళ పని రహస్యం అని పొంగిపోయాను. మొదటిసారి నవ్వొచ్చేసింది. రెండోసారి చెంగు అడ్డొచ్చింది. మూడోసారి పెళ్ళి అప్పగింతలు తలుచుకుని, తల కాస్త వంచి, కొనవేలితో తుడుచుకున్నాను. “సూపర్ మేడమ్! ఆర్టిస్టులే చెయ్యలేరు,” అన్నాడు. దొరబాబు రాగానే గుమ్మంలోనే నాలుగోసారి చేసి చూపించాను.

*

మా ఇంటి షో వచ్చే శనివారం కోసం అత్త పడిన హడావుడి అంతా ఇంతా కాదు. ఒడిశా పారాదీపులో ఐసు ఫ్యాక్టరీలో చేసే మేనల్లుడికి ఫోన్ చేయించింది. బెంగాలు ఒడ్డున దీఘాలో చేపలు కొనే సేటుకు చేయించింది. “అందరికీ సూపించండి, పెద్ద సౌండెట్టండి,” అంది. ఇంట్లో చోటు చాలదని టీవీని బయటికి తెచ్చి, చేపల ట్రేలు మూడు బోర్లించి వాటి మీద పెట్టాం. సందంతా ఇసకలో కూర్చుంది. అత్తను ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టాను. నేను పక్కనే, దొరబాబు నా వెనక.

యాంకరమ్మ చెయ్యి ఊపింది. ‘దాపరికం లేదు, కత్తిరింపు లేదు!’ తెరనిండా అక్షరాలు పడ్డాయి: ‘తిట్ల అత్త, కన్నీటి కోడలు’.

నాకు నవ్వొచ్చింది. ఇంకా అర్థం కాలేదు.

అత్త తెరమీదకొచ్చింది, చెంగు దోపుకుని, వెనక సముద్రం కనిపించకుండా ముఖం ఒక్కటే దగ్గరగా. నోరు తెరిచింది.

కూఁ... అని చెవులు చిల్లులు పడేలా మోత. తర్వాత “ఇంటికి రావేటి?” మళ్ళీ కూఁ... “ఎంతసేపుంటావు” కూఁ... “కూడు సల్లారిపోతంది.” ప్రతి మోతకూ అత్త నోటిమీద ఎర్రటి గుర్తు పడుతోంది. టీవీలో ఎవరో పడీ పడీ నవ్వుతున్నారు.

‘సచ్చినోడా’ అన్నప్పుడు కూఁ అంటే సరేనమ్మా, పిల్లలు చూస్తారు. కానీ ‘ఒరె’ అన్నచోట కూడా మోత. ‘కొడకా’ అన్నచోట మోత. ‘ఎల్లాజీ’ అన్న ప్రతిచోటా మోత. ఆవిడ నోరు ఆ పేరు పలకడం కనిపిస్తోంది, పేరు వినబడడం లేదు. ఎవరిని తిడుతోందో ఎవరికీ తెలియదు.

“ఏటి, మాటాడవేటి?” అంది అత్త. ఆగింది.

ఆ ఆగినచోట నేను వచ్చాను. గుమ్మంలో నిలబడి, తల కాస్త వంచి, కొనవేలితో కళ్ళు తుడుచుకుంటూ.

ఇసకలో కూర్చున్నవాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు. నవ్వింది టీవీ ఒక్కటే. దొరబాబు లేచి వెళ్ళి దాని ప్లగ్గు పీకేశాడు.

అత్త చాలాసేపు ఆ నల్లటి తెరకేసే చూసింది. తర్వాత నావైపు తిరిగింది. తిడుతుంది, తిట్టాలి అని ఎంత ఎదురుచూశానో!

“నీ ముక్కు ఎర్రబడలేదు జోతీ,” అంది.

అంతే. లేచి లోపలికి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలెట్టింది.

*

మర్నాడు మోహనకృష్ణకు పదిసార్లు చేస్తే పదకొండోసారి ఎత్తాడు.

“రూల్సండీ మేడమ్. పిల్లలు చూసే టైములో అలాంటి మాటలు వెయ్యకూడదు. సెన్సారు.”

“ఎల్లాజీ అన్న పేరులో ఏం బూతుందండీ?”

“అది ఎడిటింగ్ వాళ్ళు... చనిపోయిన కొడుకంటే షో బరువైపోతుందన్నారు. కామెడీ ఎపిసోడ్ కదా. వ్యూస్ చూశారా? పన్నెండు లక్షలు దాటింది.”

“చనిపోయాడని మేమెవ్వరం చెప్పలేదండీ,” అన్నాను. అప్పటికే పెట్టేశాడు.

నాలుగో రోజు మా నాన్న శ్రీరామ్మూర్తి కూర్మన్నపాలెం నుంచి స్కూటరు మీద వచ్చాడు. ప్లాంటు డ్యూటీ బట్టలైనా మార్చుకోలేదు. గుమ్మంలోంచే, “బట్టలు సర్దుకో అమ్మా, ఎల్దాం,” అన్నాడు.

“నాన్నా, అదంతా అబద్ధం. నన్ను కాదు తిట్టింది.”

“నా కళ్ళతో సూసాను. నువ్వేడిస్తే నాకు తెలీదేటి?”

“అది ఏడుపు కాదు నాన్నా. చెయ్యమంటే చేశాను!”

“నువ్వు భయపడకుండా సెప్పు. ఈవిడ ముందు సెప్పకపోతే బయటికొచ్చి సెప్పు.”

అత్త లోపల్నించి టీ గ్లాసు పట్టుకొచ్చింది. ఇప్పుడు తిడుతుంది, ఆ తిట్టులో నిజం వినబడి నాన్న నమ్మేస్తాడు అనుకున్నాను. ఆవిడ గ్లాసు ఆయన చేతికిచ్చి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది.

“తప్పయిపోనాది అన్నయ్యగారూ,” అంది. “ఇంకనించి పిల్లనేటీ అనను.”

నాన్న చల్లబడ్డాడు. టీ తాగాడు. నా తల నిమిరి వెళ్ళిపోయాడు. చెయ్యని తప్పు ఒప్పేసుకుంటే ఎంత తొందరగా అంతా సర్దుకుంటుందో!

ఆ మాట ఆవిడ నిలబెట్టుకుంది. “అన్నం తిను అమ్మా.” “నీల్లు పట్టేసాను అమ్మా.” ఒక్క తిట్టు లేదు. పరాయి ఇంట్లో ఉన్నట్టు ఉండేది నాకు. ఉప్పుచేపల గంపతో పెదవాల్తేరు వెళ్తే, రోజూ కొనే ఆవిడే మేడమీంచి ఫోన్ పట్టుకుని, “కూఁ అత్తా, ఒక్కసారి తిట్టవా, మా చెల్లికి పంపిస్తాను,” అందట. నూకాలు చెప్పింది. ఆ రోజు నుంచి అత్త కేక వెయ్యడం మానేసి, గేట్ల దగ్గర నిలబడి బెల్లు కొట్టడం మొదలెట్టింది.

పొద్దు వాలే వేళ ఇంటి వెనక్కి వెళ్ళడం మానేసింది. వలలవాళ్ళు అటు తలెత్తి చూసి మళ్ళీ దించుకునేవారు. పారాదీపు నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. “ఎల్లాజీ బావ పేరు ఎక్కడా ఇనబడలేదు, ఎందుకత్తా?” అని అడిగాడు. దొరబాబు ఫోన్ పట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

రాత్రి దొరబాబు తెచ్చే ఐసు కుండలో వేస్తూనే ఉన్నాను. ముంజెలు ఒలుస్తూనే ఉన్నాను. మేమిద్దరమే తినేవాళ్ళం. ఆవిడ తినకపోతే వాటికి రుచేలేదని దొరబాబు అనలేదు, నేనూ అనలేదు.

*

జూన్ పద్నాలుగు. అర్ధరాత్రి దాటితే బోట్లు వెళ్ళొచ్చు. హార్బర్లో పొద్దుట్నించీ పండగ. బోట్లకు కొత్త రంగులు, ముక్కులకు పసుపు కుంకాలు, నిమ్మకాయలు. ఐసంతా బోట్లకే ఎత్తేశారట, దొరబాబు మొదటిసారి ఖాళీ చేతులతో వచ్చాడు. మొహం కడుక్కుని, మళ్ళీ ఏదో ఇంజను పిలిచిందని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఎండ ఎర్రబడుతోంది. అత్త గుమ్మంలో కూర్చుని గంప అంచుకు తాడు బిగిస్తోంది. నేను వెనకవైపు ఇసకలోకి వెళ్ళాను. తెప్పల మధ్య ఆవిడ నిలబడే చోట నిలబడ్డాను. ఆ చోట ఇసక కాస్త పల్లంగా ఉంటుంది, ఆవిడ కాళ్ళకు అలవాటై.

ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. “ఒరే ఎల్లాజీ!” అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల పద్యం అప్పజెప్పినట్టుంది. అతన్ని నేనెప్పుడూ చూడలేదు. “దొంగ... దొంగ సచ్చినోడా! మీ అమ్మ అన్నం చల్లారిపోతోంది. ఎక్కడున్నావురా? నిన్ను పిలిచింది. టీవీలో పిలిచింది. పేరు పెట్టే పిలిచింది, వాళ్ళే వినబడనివ్వలేదు. నీ... నీ జిమ్మడ! ఏటి, మాటాడవేటి?”

ఆగాను.

పక్కన వలలవాళ్ళ చేతులు ఆగాయి. కెరటం వచ్చింది.

వెనక ఇసకలో అడుగుల చప్పుడు. వస్తోంది, నా తిట్టు వంకర్లు దిద్దుతుంది, ‘అలగ కాదే బుర్రలేనిదానా’ అంటుంది అనుకున్నాను. నా ముక్కు మండిపోతోంది. అద్దం లేదు గానీ, ఎర్రబడే ఉంటుంది.

అత్త నా ముందుకొచ్చి నిలబడింది. నా ముఖం కేసి చూసింది. ఉప్పుచేపల వాసన వేసే అరచెయ్యి మెల్లగా నా నోటిమీద పెట్టింది.

“ఊరుకో అమ్మా,” అంది, రహస్యం చెబుతున్నట్టు. “ఎవులైనా ఇంటారు.”

కెరటం వెనక్కి పోయింది. వలల మీద ఆ చేతులు ఇంకా ఆగే ఉన్నాయి.